పగలని కొబ్బరికాయ

ఆనాడు ఆ బండి ఎక్కవలసిన డప్పు బృందంలోని పోచయ్య గారే ఈ వృత్తాంతాన్ని నాకు స్వయంగా చెప్పారు. ఆయన చెప్పినదానికి నేను ఏమీ చేర్చడం లేదు.

ఊరిపెద్ద వీరరాఘవయ్య గారి పాత పికప్పు బండి అడుగు చట్రాన్ని, అంటే చాసిస్‌ను, తుప్పు తినేసింది. ఆయన దానికి లప్పం పెట్టించి, నల్లరంగు పూయించి, కొండమీది జాతరకు డప్పు బృందాన్ని అందులోనే పంపుతానన్నారు.

"ఘాట్‌రోడ్డు మీద చాసిస్ విరుగుతదయ్యా," అన్నాడు వెల్డింగు సైదులు.

"అది ఉక్కురా. పని దొరకక నీకు తుప్పు కనబడుతున్నది."

ప్రయాణం నాడు ఊరందరి ముందు బండికి పూజ జరిగింది. కొబ్బరికాయ కొట్టడానికి పెద్దాయన రాయి అడిగారు.

"ఉక్కు ఉండంగ రాయెందుకయ్యా? టైరు పక్కన చాసిస్ మీదనే కొట్టుండ్రి," అన్నాడు సైదులు వినయంగా.

కాదంటే తుప్పును ఒప్పుకున్నట్టే. ఆయన కాయను మెల్లగా తాకించారు.

"గట్టిగ కొట్టుండ్రయ్యా, అమ్మవారికి వినబడాలె," అన్నారు పోచయ్య.

పెద్దాయన రోషంతో కొట్టారు. కాయ పగలలేదు. చాసిస్‌కు బొక్క పడి, కాయ అందులో ఇరుక్కుంది.

డప్పు బృందం బస్సులో క్షేమంగా కొండకు చేరింది. పికప్పు సైదులు షెడ్డులో నెలరోజులుండి కొత్త ఇనుము వేయించుకుంది. వీరరాఘవయ్య గారు ఆ తరువాత కొన్న ప్రతి బండికీ కొబ్బరికాయను సైదులు చేతనే కొట్టించారు. ఆ పగలని కాయ మాత్రం, ఎర్రగుడ్డలో, సైదులు షెడ్డు గుమ్మానికి వేలాడింది.