అసిరమ్మ దోసిలి నీళ్లు

ఎప్పటి మాటో నేను చెప్పలేను. మా తాతలు కూడా దీన్ని "ఎనకటి మాట" అనే అనేవారు. గెడ్డ పక్కన, అంటే వాగు ఒడ్డున, సంతకు పోయే దారిలో, అసిరమ్మ అనే ముసలమ్మ పాక వేసుకుని దారినపోయేవాళ్లకు నీళ్లు పోసేది. ముంత చేతికిచ్చేది కాదు. రెండు చేతులూ కలిపి దోసిలి పడితేనే పోసేది.

ఒక సంతరోజు మిట్టమధ్యాహ్నం చాపలమ్మే సూరయ్య రొప్పుకుంటూ పాకలో దూరాడు. భుజాన లావుపాటి చాపచుట్ట.

"అమ్మా, నన్ను సంపేత్తారు!"

"ఏటి సేసినావురా?"

"ఏటీ సెయ్యనేదు. మా ఆడదానికి నొప్పులొచ్చినాయని కబురొత్తే ఇంటికెల్తన్నాను. ఎనక తరుముకొత్తన్నారు."

వీడు చెప్పేది నిజమా, అబద్ధమా? అసిరమ్మకు తెలీదు. ఆ చుట్టలో ఏముందో విప్పి చూద్దామనుకుంది.

అంతలో కర్రలతో జనం వచ్చిపడ్డారు. ముందు గురునాయుడు.

"నా కూతుర్ని సాపలో సుట్టి ఎత్తుకుపోనాడు. ఏడాడు?"

లేడని చెబితే పోయేది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆవిడకు అబద్ధం నోరు దాటదు.

"లోపలే ఉన్నాడు నాయినా. ఎండనబడి వొచ్చినారు, ముందు నీలు తాగండి."

గొంతులు పిడచకట్టుకుపోయి ఉన్నాయి. దోసిలి పట్టాలంటే కర్ర కింద పెట్టాలి కదా! పెట్టారు.

మొదటివాడికి పోస్తూ అడిగింది. "సూసినావా, ఇన్నావా?"

"ఇన్నాను. ఈ పక్కోడు సెప్పినాడు."

ఆ పక్కవాడికి పోసింది. "సూసినావా, ఇన్నావా?"

"ఇన్నాను. జోగులు సెప్పినాడు."

జోగులికి పోసింది. "సూసినావా, ఇన్నావా?"

"సూసినాను."

అసిరమ్మ పోసే ముంత ఆపింది. "ఏటి సూసినావు?"

"సూరయ్య సాప బుజానేసుకుని గబగబా పోతన్నాడు."

"పాపని సూసినావా?"

జోగులు తల దించుకున్నాడు. "నేదమ్మా. పాప కనబడ్నేదంటే, సూరయ్య గాబరాగా పోతన్నాడన్నాను. అంతే."

చూశారా, ఒకడన్న "అంతే" నలుగురి నోళ్లలో పడి ఎంతయిందో!

సూరయ్య బయటికొచ్చి చాప విప్పాడు. చాపలో చాప, అందులో ఇంకో చాప. పాప లేదు.

అసలు భయం అప్పుడు పట్టుకుంది అందరికీ. గురునాయుడు చతికిలబడిపోయాడు. "మరి నా పిల్లేదమ్మా?"

"ఆకర్న నీ పిల్ల నీతో ఏటన్నాది?"

"ఏదో అన్నాది. ఎడ్లబేరంలో ఉన్నాను. ఇన్నేదు."

"నీ సెవిలోనే ఉంటాది. ఇప్పుడిను."

గురునాయుడు కళ్లు మూసుకున్నాడు. "కుమ్మరోల్ల బండెక్కుతాను నాన్నా, అన్నాది."

పడుతూ లేస్తూ పరిగెత్తారు. కుమ్మరి బండి అప్పటికే సంత దాటి పోతోంది. కుండల నడుమ పరిచిన గడ్డిలో ఆ పిల్ల నిద్రపోతోంది. బండి తోలేవాడికే తెలీదు.

సూరయ్య ఇల్లు చేరేసరికి కొడుకు పుట్టి ఏడుస్తున్నాడు. నాన్న పాకలోనే చచ్చిపోయుంటే ఆ ఏడుపు వినేవాడా?

అసిరమ్మ పోయింది. పాక పోయింది. కానీ ఆ చుట్టుపక్కల ఈనాటికీ ఎవరైనా ఒకరి మీద చెడ్డకబురు మోసుకొస్తే, ముందు దోసిలి పట్టమంటారు. నీళ్లు పోస్తూ, "సూసినావా, ఇన్నావా?" అని అడుగుతారు.

"ఇన్నాను" అన్నాడా, ఇంకో దోసిలి పోస్తారు. చూసినవాడు దొరికేదాకా ఆ కబురు అక్కడినుంచి కదలనివ్వరు.