సూరాలు పొగిడిన కొట్లు

రాజుగారి బావమరిది వీరభుజంగం సంతలో పెద్ద పందిరి వేయించి చేటలూ బుట్టలూ అమ్మకానికి పెట్టాడు. అయినా జనమంతా పక్కనే నేలమీద కూర్చుని, "రండమ్మా, చేటలు!" అని కేకలేసే మేదర సూరాలు దగ్గరికే పోతున్నారు. వీరభుజంగానికి కడుపు మండి, బావగారితో దండోరా వేయించాడు: "ఇకమీదట సంతలో ఎవరి సరుకును వాళ్ళు పొగుడుకోరాదు! పొగిడితే కొట్టు పీకేస్తాం!"

మరుసటి సంతనాడు సూరాలు ఇంకా పెద్దగా గొంతెత్తింది. "రండి బాబూ రండి! కందిపప్పంటే మా లచ్చక్కదే! నువ్వులంటే ఆ మూల పోలయ్య మామవే! పరిగెత్తండి, అయిపోతున్నాయి!"

జనం పరిగెత్తారు. గంప ఖాళీ అయిన లచ్చక్క ఊరుకుంటుందా? "పప్పు చెరగాలంటే సూరాలు చేటే కొనండమ్మా!" అంది. పోలయ్యదీ అదే మాట. మధ్యాహ్నానికల్లా సంత సంతంతా సూరాలు పేరే! చేటల కోసం జనం బారులు తీరారు.

వీరభుజంగం రాజును వెంటబెట్టుకొచ్చాడు. "ఇది మీ ఆజ్ఞ మీరింది బావా!"

"నా చేటల ఊసు నేనెత్తితే ఒట్టు, మహారాజా! ఎవరినైనా అడగండి," అంది సూరాలు.

రాజు అడిగాడు. నిజమేనన్నారు అందరూ. ఆయన బావమరిది వైపు తిరిగాడు. "మరి నీ కొట్టు గురించి మంచిమాట చెప్పేవాళ్ళెవరోయ్?"

చివరికి సూరాలే చేయెత్తింది.

"నేను చెబుతాను ప్రభూ! అయ్యగారి పందిరి ఎంత చల్లగా ఉంటుందో! నా చేటల కోసం వచ్చినవాళ్ళంతా వంతు వచ్చేదాకా దాని కిందే హాయిగా నిలబడుతున్నారు!"