దానిమ్మ చేపా, ప్రశాంతి కోపమూ

అనగనగా అంటే మరీ అంత అనగనగా కాదు అమ్ములూ. ఇళ్ళల్లోకి ఫ్రిజ్జులూ టీవీలూ వచ్చేశాకే. గోదారి కాలవ పక్కన ఒక ఊళ్ళో ఒక పిల్ల ఉండేది. దాని పేరు ప్రశాంతి. ఏమనుకుని పెట్టారో ఆ పేరు! ఆ పిల్లకి కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది.

వాళ్ళ నాన్న భాస్కరానికి బస్సు డిపోలో ఉద్యోగం. అమ్మ కనకవల్లి బళ్ళో లెక్కలు చెప్పేది. వాళ్ళ ముందుగదిలో కిటికీ పక్కన ఒక గాజుతొట్టి, అందులో రంగు చేపలు. అన్నిట్లోకీ ఒకటి ఎర్రగా, బొద్దుగా ఉండేది. దాని పేరు దానిమ్మ.

బళ్ళో ఎవరితో తగువు పడినా ప్రశాంతి ఇంటికొచ్చి దానిమ్మకే చెప్పుకునేది. అది గాజు దగ్గరికొచ్చి నోరు తెరిచి మూసి, తెరిచి మూసి వినేది. ఎదురు చెప్పదు కదా, అందుకని ఇద్దరికీ బాగా కుదిరింది.

అలా ఉండగా ఒకరోజు దానిమ్మ మేత ముట్టలేదు. అప్పుడు దాని పొట్ట ఉబ్బడం మొదలైంది. ఆ తర్వాత ఒంటి మీద పొలుసులన్నీ లేచి నిలబడ్డాయి. ఒంట్లోకి నీరు చేరిందన్నమాట, పాపం.

ప్రశాంతి ఊరుకుంటుందా? మొదట ఉప్పు కలిపిన నీళ్ళలో పెట్టింది. తగ్గలేదు. అప్పుడు చేపల కొట్టు నుంచి నీలంరంగు మందు తెచ్చి వేసింది. తగ్గలేదు. ఆ తర్వాత బఠాణీ ఉడకబెట్టి, తొక్క తీసి, చిదిమి నోటి ముందు పెట్టింది. దానిమ్మ దానివైపైనా చూడలేదు.

అప్పుడు మొదలైంది అసలు కోపం.

పక్కింటి పిన్నిగారు వచ్చి చూసి, "చేపే కదే, కాలవలో వదిలెయ్. దాని దారిన అది పోతుంది," అంది. లేవలేనిదాన్ని తీసుకెళ్ళి కాలవలో వేస్తే దారేమిటి అమ్ములూ? కాకి పొడుచుకు తినడమే దారి! పైగా దాని జబ్బు అక్కడి చేపలకి అంటుకోదూ? "మీకు జ్వరం వస్తే మిమ్మల్నీ కాలవలో వదిలేస్తారా?" అంది ప్రశాంతి. పిన్నిగారు మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత చేపల కొట్టు వీర్రాజు, "చేపే కదా పాపా, ఫ్రిజ్జులో పెట్టేయ్. గడ్డకట్టి అదే పోతుంది," అన్నాడు. అదే పోతుందట! చలికి కొయ్యబారుతూ ఎంతసేపటికి పోతుందో అతనేమైనా లోపల కూర్చుని చూశాడా? ప్రశాంతి కొట్టు తలుపు దఢాలున వేసి వచ్చేసింది.

ఆ తర్వాత సొంత నాన్నే, పేపరు లోంచి తల ఎత్తకుండా, "చేపే కదమ్మా, లెట్రిన్లో వేసి నీళ్ళు కొట్టేస్తే సరి," అన్నాడు.

ప్రాణం ఉన్నదాన్ని! ఆ మురికిలోకి! చెప్తుంటే నాకే ఒళ్ళు మండుతోంది. ఇక ఆ పిల్ల సంగతి చెప్పాలా? పేపరు లాగి రెండు ముక్కలు చేసి, "నువ్వు నాతో మాట్లాడకు," అంది. ఆ పూట అన్నం కూడా తినలేదు.

అప్పుడు కనకవల్లి కూతుర్ని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళింది. దానిమ్మని మూతున్న డబ్బాలో నీళ్ళు పోసి పట్టుకెళ్ళారు. అక్కడ డాక్టరు ఫాతిమా గారు అప్పుడే ఒక గేదెకి సూది వేసి వచ్చింది. చేతులు కడుక్కుని, డబ్బాని వెలుతురులో పెట్టి చాలాసేపు చూసింది. చేపే కదా అనలేదు.

"ఇది ఇంక కోలుకోదు తల్లీ. లోపల అవయవాలు పాడైపోయాయి. మందు వేసే దశ దాటిపోయింది," అంది.

"మరి ఇప్పుడేం చెయ్యాలి?" అంది ప్రశాంతి.

"బాధ పడకుండా పంపించవచ్చు. లవంగనూనెతో మత్తు వస్తుంది. నిద్రపోతుంది. ఆ నిద్రలోనే వెళ్ళిపోతుంది. ఎలా చెయ్యాలో మీ అమ్మగారికి చెప్తాను."

ప్రశాంతి ముఖం జేవురించింది. "మీరు డాక్టరేనా? బాగుచెయ్యమని తీసుకొస్తే చంపమంటారేంటి?" అని అరిచింది. బయట గేదె కూడా తల తిప్పి చూసింది. కనకవల్లికి తల కొట్టేసినట్టయింది.

ఫాతిమా గారు మాత్రం ఏమీ అనుకోలేదు. "కోప్పడు, పరవాలేదు. కానీ ఇంటికెళ్ళి నా మాట మర్చిపోయి దాని ముఖం చూడు. చూశాక నీకేమనిపిస్తే అది చెయ్యి," అంది.

ప్రశాంతి చూడలేదు. కోపంలో ఉన్నవాళ్ళు చూడరు అమ్ములూ. ఎవరేమన్నా దానిమ్మని బతికించే తీరతానని పంతం పట్టింది. మళ్ళీ ఉప్పు వేసింది. మళ్ళీ మందు వేసింది. అమ్మ ఏదో చెప్పబోతే చెవులు మూసుకుంది. కొన్ని రోజులు అలాగే గడిచాయి.

ఒకనాడు బడి నుంచి వచ్చేసరికి దానిమ్మ అడుగున పక్కకి ఒరిగి పడి ఉంది. కళ్ళు బయటికి పొడుచుకొచ్చాయి. లేవాలని తోక కొట్టుకుంటోంది, లేవలేకపోతోంది. పైగా మిగతా చేపలు వచ్చి దాని రెక్కలు కొరుకుతున్నాయి. ఇన్నాళ్ళూ దానితో కలిసి తిరిగినవే! ప్రశాంతి గాజు మీద దబదబా కొట్టి, "పొండి! సిగ్గులేదా మీకు?" అని అరిచింది. అవి బెదిరి పక్కకి పోయాయి. ఒక్క క్షణం ఆగి మళ్ళీ వచ్చాయి.

అప్పుడు దానిమ్మని గిన్నెలోకి తీసింది. అప్పుడు చూసింది దాని ముఖం. నోరు తెరిచి మూసి, తెరిచి మూసి, గాలి కోసం కొట్టుకుంటోంది.

"అమ్మా," అంది ప్రశాంతి. "నేను దీన్ని బతికించట్లేదు. బాధపెడుతున్నాను."

కనకవల్లి వెళ్ళి పిప్పిపన్నుకి వాడే లవంగనూనె సీసా పట్టుకొచ్చింది. డాక్టరమ్మ చెప్పినట్టే గిన్నెలో ఇంకొన్ని తొట్టి నీళ్ళే పోసింది. వేరే చిన్న సీసాలో గోరువెచ్చని నీళ్ళు పోసి, కాస్త నూనె వేసి, తెల్లగా పాలలా అయ్యేదాకా ఊపింది.

"నేను పొయ్యలేను," అంది ప్రశాంతి.

"నేను పోస్తాను. నువ్వు దాని దగ్గరుండు."

అమ్మ కొంచెం పోసింది. దానిమ్మ ఈత నెమ్మదించింది. అప్పుడు ఇంకొంచెం పోసింది. దానిమ్మ వెల్లకిలా తిరిగింది. ముట్టుకున్నా కదల్లేదు, నిద్రపోయింది. ఆ తర్వాత మిగతాదంతా పోసింది. మొప్పలు ఆడుతున్నాయి, నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా. ఆ తర్వాత ఆగిపోయాయి. ఆగాక కూడా వాళ్ళు గిన్నె కదపలేదు. నిజంగా వెళ్ళిపోయిందని నమ్మకం కుదిరేదాకా పక్కనే కూర్చున్నారు. ఇల్లంతా లవంగాల వాసన.

ఏడ్చిందా అంటావా? లేదు. పళ్ళు బిగించుకుని కూర్చుంది. పెరట్లో కరివేపాకు మొక్క దగ్గర గొయ్యి తీసి పాతిపెట్టినప్పుడూ అంతే. మట్టిని కాలితో తొక్కి, మేత డబ్బా తీసి గోడకేసి కొట్టింది. దానిమ్మ మీద కోపం. అమ్మ మీద కోపం. అందరికంటే ఎక్కువ తన మీద కోపం, ఇన్ని రోజులు ఎందుకు ఆగానా అని.

అమ్మ చీపురు తెచ్చి మేత ఊడ్చింది. తిట్టలేదు.

మర్నాడు సాయంత్రం నాన్న పాలిథీన్ కవరు ఊపుకుంటూ వచ్చాడు. అందులో కొత్త ఎర్రచేప. "ఇదిగో, నీ దానిమ్మ తిరిగొచ్చేసింది!" అన్నాడు నవ్వుతూ.

మంచి మనసుతోనే తెచ్చాడులే. కానీ ఎంత తెలివితక్కువ మంచితనం! ప్రశాంతి ఇల్లెగిరిపోయేలా అరిచింది. "అమ్మమ్మ పోయినప్పుడు అమ్మకి ఇంకో అమ్మని కొనుక్కొచ్చావా నాన్నా?"

భాస్కరం నవ్వు మాయమైంది. చెప్పులు మళ్ళీ తొడుక్కున్నాడు. "పద, ఇచ్చేసి వద్దాం," అన్నాడు.

ఇద్దరూ వీర్రాజు కొట్టుకి వెళ్ళారు. వీర్రాజు కొత్త చేపని తీసుకుని తొట్టిలో వదిలాడు. అప్పుడు ప్రశాంతి చూపు కింది అరలో మూలనున్న సీసా మీద పడింది. అందులో ఒక నల్లచేప. పొట్ట ఉబ్బి, పొలుసులు లేచి, పక్కకి ఒరిగి ఉంది.

"అదేంటి అలా పెట్టారు?" అంది.

"అదా? పోతుందిలే పాపా. కొట్టు కట్టేసేటప్పుడు కాలవలో పారేస్తా. చేపే క—"

"అనకండి!" అంది ప్రశాంతి. కొట్లో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. "ఇంకొక్కసారి ఆ మాట అనకండి. రోజంతా దాని పక్కనే కూర్చుని వ్యాపారం చేసుకుంటున్నారు. అది ఊపిరాడక కొట్టుకుంటుంటే మీకు కనపడలేదా? నాకివ్వండి దాన్ని."

"చచ్చేదాన్ని తీసుకెళ్ళి ఏం చేసుకుంటావు?"

"బాధ లేకుండా పంపిస్తాను. మీకు చేతకాదుగా!"

వీర్రాజు భాస్కరం వైపు చూశాడు, కూతుర్ని కాస్త మందలిస్తాడేమోనని. భాస్కరం మందలించలేదు. వంగి, ఆ సీసా తనే తీసుకున్నాడు. "మా అమ్మాయి అడిగింది, పట్టుకెళ్తాం," అన్నాడు.

ఇంటికొచ్చాక ఈసారి లవంగనూనె కలిపిన సీసా ఊపింది ప్రశాంతే. పోసిందీ ప్రశాంతే. మొదట కొంచెం, ఆ తర్వాత ఇంకొంచెం, ఆ తర్వాత మిగతాదంతా. అమ్మ పక్కన నిలబడి అంతా సరిగ్గా జరుగుతోందా అని చూసింది. నాన్న నేల మీద గొంతుక్కూర్చుని గిన్నె రెండు చేతులతో పట్టుకున్నాడు.

నల్లచేప మొప్పలు నెమ్మదించాయి. భాస్కరం ఎప్పుడూ ఒక చేపని అంత దగ్గరగా చూసి ఉండడు. మొప్పలు ఆగిపోయాక కూడా చేతులు తియ్యలేదు. ఆ తర్వాత చాలా నెమ్మదిగా, "నేనన్న మాట తప్పు తల్లీ. దానిమ్మని అలా అని ఉండకూడదు," అన్నాడు.

అప్పుడు ఏడ్చింది ప్రశాంతి. నాన్న చొక్కా తడిసిపోయేలా, వెక్కిళ్ళు పెట్టి ఏడ్చింది. పేరు కూడా పెట్టని ఆ నల్లచేప కోసం ఏడ్చింది, దానిమ్మ కోసం ఏడ్చింది.

ఏడిస్తే కోపం పోయిందా అంటే, ఎక్కడ పోతుంది? చాలా రోజులు ఉంది. బడి నుంచి రాగానే గాజు దగ్గరికెళ్ళి, దానిమ్మ లేదని గుర్తొచ్చి, సంచీ విసిరేసేది. కానీ ఆ తర్వాత లేచి, మిగతా చేపలకి మేత వేసేది. రెక్కలు కొరికిన వాటికి కూడా. తిట్టుకుంటూ వేసేది, కానీ వేసేది.

ఈ సంగతి ఊళ్ళో పాకాక, ఎవరి చేపకైనా నయంకాని జబ్బు చేస్తే, ముందు ఫాతిమా గారికి చూపించేవారు. ఆవిడ ఇక లాభం లేదంటే, గిన్నె పట్టుకుని ప్రశాంతి వాళ్ళింటికి వచ్చేవారు. పక్కింటి పిన్నిగారు కూడా తన చేపని పట్టుకుని వచ్చింది ఒకసారి. ప్రశాంతి ఆవిడని గుమ్మంలో ఒక్క క్షణం కోపంగా చూసి, "లోపలికి రండి. మీరే దాని పక్కన కూర్చోవాలి. వదిలేసి వెళ్ళడానికి వీల్లేదు," అంది. పిన్నిగారు కూర్చుంది. చివరిదాకా కూర్చుంది.

కథేమో కంచి దారి పట్టింది,
కన్నేమో కునుకు దారి పట్టింది.
అది అక్కడికి, మనం ఇక్కడికి,
తల ఇటు పెట్టు నా ఒళ్ళోకి.