ముప్పావంగుళం

ఏ సిలిండరు వెయ్యాలో తవిటయ్యకి తేలడం లేదు.

బల్ల మీద రెండున్నాయి. పెడలు తొక్కినప్పుడు బ్రేకు నూనెని గొట్టాల్లోంచి నాలుగు చక్రాలకీ తోసే మాస్టర్ సిలిండర్లవి. ఒకదాని బోరు, అంటే లోపలి బొక్క వెడల్పు, ముప్పావంగుళం. రెండోదానిది నిండా అంగుళం. కారులోంచి ఊడదీసిన పాతదాన్ని కొలిచినా లాభం లేదు. అది ఎవరో ఎప్పుడో ఏ బండిదో తెచ్చి తగిలించింది.

కారు కొండ మీది ఆడపిల్లల హాస్టలుది. ఆ కారు నడిపే కిల్లో దేవమ్మ ప్రతి శనివారం నలుగురైదుగురు పిల్లల్ని ఎక్కించుకుని, అరకు ఘాటీ దిగి, శృంగవరపుకోట ఆసుపత్రిలో చూపించి తీసుకెళ్తుంది. ఏదో ఒక వారం ఆ పిల్లల్లో తవిటయ్య కూతుళ్లూ ఉంటారు. పెద్దదానికి పన్నెండేళ్లు, చిన్నదానికి ఎనిమిది. అక్కడ చదువు బాగుంటుందని వేసి రెండేళ్లయింది. అప్పట్నించీ రోజుకి మూడుసార్లు ఫోన్ చేస్తాడు. నీళ్లు కాచినవే తాగారా, దుప్పటి కప్పుకున్నారా, మెట్ల మీద పరిగెత్తలేదు కదా. అన్నిటికీ వాళ్లు "ఊ" అంటారు. ఆ "ఊ" నిజమో కాదో తెలియక మళ్లీ ఫోన్ చేస్తాడు.

లతీఫ్ మేస్త్రి షెడ్డు గుమ్మంలో కూర్చుని కార్బురేటరు తుడుస్తున్నాడు. తవిటయ్యకి స్పానరు పట్టుకోవడం నేర్పింది ఆయనే.

"గురువు గారూ, ఇందులో ఏది యెయ్యమంటారు?"

మేస్త్రి తలెత్తలేదు. "కాలెవరిది?" అన్నాడు.

తవిటయ్యకి అర్థం కాలేదు. బ్రేకు గురించి అడిగితే కాలంటాడేమిటి? ఈమధ్య ముసలాయనకి వినికిడి తగ్గింది కాబోలు. ఈసారి గొంతు పెంచి అడిగాడు.

"ఇనబడింది. కాలెవరిదిరా అంటన్నాను."

"కాలు కాదు గురువు గారూ, బ్రేకు! బ్రేకు!"

"సరే. నీకేది మంచిదనిపిస్తే అదే యెయ్యి."

తవిటయ్య అంగుళందే తీశాడు. ఘాటీ దారి, పిల్లల ప్రాణాలు. పెద్దదైతే బలం ఎక్కువ. ఇందులో ఆలోచించడానికి ఏముంది?

బిగించాడు. నూనె పోసి, నాలుగు చక్రాల దగ్గరా బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి తీశాడు. సీట్లో కూర్చుని తొక్కి చూస్తే పెడలు కొంచెం కిందికి దిగి, అక్కడితో రాయిలా నిలిచిపోయింది. మనసు కుదుటపడింది.

దేవమ్మ అప్పటికే వచ్చి పాత టైరు మీద కూర్చుని ఉంది. సన్నటి మనిషి, యాభై దాటింది. లేచి వెళ్లి, కారు వెనక సీట్లో తవిటయ్య పెట్టిన అట్టపెట్టె తీసి, మూత ఎత్తి చూసింది.

"ఈ బూట్లు ఎవలికి, తమ్ముడా?"

"మా సిన్నదానికప్పా. నువ్వే ఇచ్చీ."

ఆవిడ ఒక బూటు ఎత్తి పట్టుకుంది. "దీన్లో ఇద్దరు సిన్నోళ్లు కూకోవచ్చు."

"కావాలనే రెండు నంబర్లు పెద్దయి కొన్నాను. పెద్దయితే నట్టమేటి?"

దేవమ్మ మూత పెట్టేసింది.

షెడ్డు ముందునించి దారి కొంచెం పల్లంగా, మూతబడ్డ ఇటుకబట్టీ వరకూ పోతుంది. బళ్లు తిరగవు. బ్రేకు వేసిన ప్రతి బండినీ మేస్త్రి అక్కడే చూస్తాడు. ఆయన తన భోజనం క్యారేజీ తెచ్చి దారి మధ్యలో పెట్టాడు.

"దీనికి ముందు ఆపాల. పోనీ."

తవిటయ్య పోనిచ్చి కాలు వేశాడు. క్యారేజీకి మూరెడు ముందు కారు ఆగింది. నవ్వుకుంటూ దిగాడు. మేస్త్రి నవ్వలేదు. వేలుతో దేవమ్మని పిలిచాడు.

"ఇప్పుడు నువ్వు రా తల్లీ."

ఆవిడ సీటు అంచుకి జరిగి, స్టీరింగు పట్టుకుని వచ్చింది. తొక్కింది. కారు నెమ్మదించింది గానీ ఆగలేదు. సగం లేచి నిలబడి తొక్కింది. కారు మెల్లగా వచ్చి, క్యారేజీ మీదికెక్కి, దాన్ని అప్పడంలా చేసి, అప్పుడాగింది. దారంతా అన్నం, చేపల పులుసు. ఎక్కణ్నించో రెండు కాకులు దిగాయి.

"అయ్యో బావూ, మీ కూడు!" అంటూ దేవమ్మ దిగింది. తొడ పట్టేసిందేమో, కుంటుతోంది.

తవిటయ్య నోరు తెరుచుకుని చూస్తున్నాడు. "అప్పా, గట్టిగా తొక్కలేదేటి?"

"గట్టిగా కాకపోతే ముద్దుగా తొక్కుతానేటి? లేచి నిలబడ్డాను, సూళ్లేదా? నాయాల్ది, కొండని తన్నినట్టుంది."

"మరి నాకు ఆగింది గదా!"

మేస్త్రి నలిగిన క్యారేజీని కాలితో పక్కకి జరిపి, "రెండోది ఎక్కించు" అన్నాడు.

తవిటయ్య చేతులు పని చేస్తున్నాయి గానీ మనసు చెయ్యడం లేదు. ఊడదీసి, ముప్పావంగుళంది బిగించి, మళ్లీ గాలి తీశాడు. తొక్కి చూస్తే పెడలు మెత్తగా ఇందాకటికంటే లోతుకి దిగింది. అతని గుండె దానితోపాటే దిగింది.

"దిగిపోతంది గురువు గారూ. ఇలాంటిదేసి పిల్లల్ని ఘాటీలో పంపుతామా?"

"అడుగుకి అంటిందా?"

చెయ్యి పెట్టి చూశాడు. పెడలుకీ పలకకీ మధ్య నాలుగు వేళ్ల ఖాళీ ఉంది. కాసేపు నొక్కి పట్టి చూశాడు. అంతకంటే దిగలేదు.

"అంటలేదు."

"అయితే సరే." ఈసారి మేస్త్రి షెడ్డులోకి వెళ్లి తవిటయ్య క్యారేజీ తెచ్చి దారిలో పెట్టాడు. "నాది అయిపోనాది గదా. ఇంక నీదే."

దేవమ్మ బయల్దేరింది. తవిటయ్య కళ్లు మూసుకుందామనుకుని మూసుకోలేకపోయాడు. కారు వచ్చింది, ముక్కు కిందికి వంచింది, ఆగింది. క్యారేజీకి రెండు మూరల ముందు. దేవమ్మ సీటు మీదనించి లేవనైనా లేదు. కిటికీలోంచి తల బయటికి పెట్టి, "ఓలమ్మ, ఇది నా మాట ఇంటంది!" అంది.

మేస్త్రి క్యారేజీ తెచ్చుకుని గుమ్మంలో కూర్చుని మూత తీశాడు. తవిటయ్య ఆయన ముందు చతికిలబడ్డాడు.

"పెద్దదేస్తే ఆగలేదు. సిన్నదేస్తే ఆగింది. గట్టిగా ఉన్నది ఆగలేదు, మెత్తగా దిగిపోయేది ఆగింది. ఇదేటి గురువు గారూ? నాకు బుర్ర తిరిగిపోతంది."

"వంకాయ కూరా?" మేస్త్రి ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. "ఉప్పు తక్కువైంది. సగం ఉంచుతాను, తిను."

తవిటయ్య చేతికంటిన నూనె గుడ్డకి తుడుచుకున్నాడు.

పక్కన కుళాయి దగ్గర దేవమ్మ చెప్పులు విడిచి, మట్టి కొట్టుకుపోయిన కాళ్లు కడుక్కుంటోంది. తవిటయ్య చూపు అటు పోయింది. ఎముకలు తేలిన చిన్న పాదాలు. తొమ్మిదేళ్లుగా ఆ బండి ఈ షెడ్డుకి వస్తోంది. బండి అడుగున ప్రతి నట్టూ అతనికి తెలుసు. ఆ కాళ్లు మాత్రం ఇవాళే చూస్తున్నాడు. వంగి తన కాళ్లకేసి చూసుకున్నాడు. "కాలెవరిది?" అని మేస్త్రి అడిగింది అప్పుడు బుర్రకెక్కింది: వెడల్పు బోరులో నూనెని తొయ్యడానికి తన కాలంత బలం కావాలి, సన్నదానికి ఆ కాలు చాలు.

మధ్యాహ్నం ఫోను వేళ అతను గమనించకుండానే దాటిపోయింది.

తర్వాత లేచి, కారు వెనక తలుపు తీసి, బూట్ల పెట్టె చేతిలోకి తీసుకున్నాడు.

"అప్పా."

"ఏటి?"

"మా సిన్నదాని కాలు ఎంతుంటాది?"

"కన్నతండ్రివి. నీకు తెల్దేటి?"

తవిటయ్య పెట్టె మూత ఎత్తి బూట్లకేసి చూశాడు.

దేవమ్మ అతని మొహం చూసి, నవ్వబోయి ఆగింది. బల్ల మీది సుద్దముక్క తీసుకుంది. షెడ్డు నేల మీద కూర్చుని, ఒక్క క్షణం తలుచుకుని, చిన్న పాదం గీసింది. కాస్త ఆలోచించి బొటనవేలు దగ్గర చెరిపి, ఇంకొంచెం పొట్టి చేసింది.

తవిటయ్య దాని పక్కన గొంతుక్కూర్చుని, గీత మీద అరచెయ్యి ఆనించాడు. వేళ్లు అవతలికి వచ్చేశాయి.

లతీఫ్ మేస్త్రి చెయ్యి కడుక్కుని వచ్చాడు. సుద్దగీత తొక్కకుండా చుట్టూ తిరిగి, తన పనిలోకి వెళ్లిపోయాడు.