రంగు ఎక్కువైన యాంటీబాడీ

కుందన రెండేళ్ల కష్టం ఆ మధ్యాహ్నం మైక్రోస్కోపులో నల్లగా కనబడింది. కణాలు ఉన్నాయి. వాటి మీద మెరవాల్సిన ఎర్రచుక్కలే లేవు.

"ఈ యాంటీబాడీ పనికిరాదు సార్," అంది తన గైడు సాల్మన్ రాజుగారితో. "రేపటి మీటింగులో ఈ పని ఆపేద్దామని చెప్పేస్తాను."

"మొన్నటిదాకా బంగారం అన్నావు?"

"రంగు వెయ్యకముందు బాగానే పట్టుకుంది సార్. వేశాక మొండికేసింది."

అది ఒంటె యాంటీబాడీ. ఒంటె మాట వచ్చింది కాబట్టి కాస్త చెప్పుకోవాలి. మామూలు యాంటీబాడీలు భారీకాయాలు. ఒంటె నెత్తురులో మాత్రం సాదా రకం కూడా ఒకటి ఉంటుంది. దాని కొసముక్క ఒక్కటి విడదీసినా చాలు, పెద్దవి దూరలేని సందుల్లోకి కూడా దూరి తను వెతికే ప్రొటీన్‌ను పట్టేస్తుంది. మనం మూపురం చూసి నవ్వుకుంటాం గానీ, ఆ ఒంట్లో ఇంత పనితనం ఉందని ఎవరనుకున్నారు!

జబ్బు చేసినప్పుడు మన రక్షణకణాలు ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటాయి. ఆ కబురు అందుకునే ప్రొటీన్ కణం మీద ఎక్కడ ఉందో చూడాలని కుందన తాపత్రయం. అందుకే ఆ ముక్కకి మెరిసే రంగు అతికించింది.

"రంగు ఎంత వేశావమ్మా?"

"బాగా దట్టించాను సార్. పక్క ల్యాబువాళ్ల బొమ్మలు మన ముందు వెలవెలబోవాలని."

ఆయన ఒకసారి తుమ్మి, గ్లవుజుల డబ్బా ఆమె ముందుకు జరిపారు.

"తొడుక్కో."

"ఉన్నాయి కదా సార్."

"వాటి మీదే."

తొడుక్కుంది. ఇంకో జత ఇచ్చారు. దాని మీద మరో జత.

"సార్, మీ జలుబు నాకు అంటుతుందనా?"

"వేళాకోళం తర్వాత. ముందు తొడుక్కో."

గోరంత పల్చటి గాజుబిళ్ల ఒకటి నీళ్లున్న పళ్లెంలో వేశారు.

"చేత్తో తియ్యి."

వేళ్లు జారాయి. బిళ్ల పళ్లెం అడుక్కి అతుక్కుపోయింది. ఒక మూలకి తోసి చూసింది, అంచు వేలికి తగిలినట్టే తెలియడం లేదు.

"ఇన్ని తొడుగులేసి తియ్యమంటే ఎలా వస్తుంది సార్! ఒక్క జతయితే చిటికెలో..."

లావెక్కిన తన వేళ్ల వంక చూసుకుంది. గ్లవుజులు ఒక్కొక్కటే ఊడదీసింది. ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి, రంగు వెయ్యని యాంటీబాడీ ఉన్న చివరి గొట్టం తెచ్చి ఐసులో పెట్టింది.

"ఈసారి రంగు బాగా తగ్గిస్తాను సార్," అంది మెల్లగా. "బొమ్మ మసగ్గా వస్తుందేమో మరి."

"వస్తే మనం కళ్లు చిట్లించుకుని చూద్దాంలేమ్మా," అన్నారు సాల్మన్ రాజుగారు. "పట్టుకోవడానికి ఆ ముక్కకి ఉన్నది ఒక్క చెయ్యే."