పెద్ద కాగితాల పుస్తకం

మఠంలోని వైద్యగ్రంథాన్ని శరభయ్య తాటాకుల మీది నుంచి కాగితాల మీదికి ఎక్కించాడు. ఆకులు చీకిపోతున్నాయని ఆ పని తనే అడిగి తీసుకున్నాడు. పెద్ద పెద్ద కాగితాలు, ముత్యాల్లాంటి అక్షరాలు. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు.

చిక్కంతా సూచిక దగ్గర వచ్చింది. ఏ రోగానికి మందు ఎన్నో ఆకులో ఉందో చెప్పే పాత సూచిక ఒకటుంది. ఆకులు పోయి కాగితాలు వచ్చాయి గనుక అంకెలూ మారాలి. శరభయ్య ఆలోచించాడు. నాలుగాకుల రాత ఒక కాగితంలో పడుతోంది. పాత అంకెను నాలుగుతో భాగిస్తే సరి. పూట గడవకముందే కొత్త సూచిక తయారైంది. మొదట్లో రెండు మూడు చోట్ల తీసి చూశాడు. సరిపోయింది. ఇక చూడలేదు.

ఒకనాడు పొద్దున్నే కొండ కింది పల్లె నుంచి ఈరమ్మ కూతురిని చంకనేసుకుని వచ్చింది. పిల్లకు కోరింత దగ్గు. గురువు మరుళస్వామి స్నానానికి వెళ్లి ఉన్నారు. శరభయ్య సూచిక చూసి కాగితం తీశాడు. పై వరుస నుంచి చదువుకుంటూ సరుకులు కల్వంలో వేసి నూరసాగాడు.

స్వామి తడిబట్టలతోనే లోపలికి వచ్చి కల్వంలోకి చూశారు. నూరింది నీలంగా ఉంది.

"ఏమిటిది నాయనా?"

"దగ్గుమందు స్వామీ. ఇప్పుడే మైలుతుత్తం వేశాను."

మైలుతుత్తం కడుపులోకి పోతే విషమే. స్వామి వెంటనే కల్వం ఎత్తుకెళ్లి, పెరట్లో గొయ్యి తీసి అందులో ఒంపేశారు. చేతులు కడుక్కుని, పిప్పళ్లు దంచి, తేనెలో రంగరించి తానే పిల్ల చేత నాకించారు. ఈరమ్మకు ఏమీ తెలియదు. వెళ్తూ వెళ్తూ శరభయ్యకు కూడా దణ్ణం పెట్టింది.

అతను కాగితం వెనక్కి తిప్పాడు. తను నూరిన మందు పేరు అంతకు ముందు కాగితం అడుగున ఉంది. పశువుల గిట్టల పుండ్లకు పైపూత.

"సూచిక తప్పింది స్వామీ," అన్నాడు నేల చూపులు చూస్తూ. "పాతది రాసినవారే ఎక్కడో పొరబడి ఉంటారు."

"పడి ఉండొచ్చు. కుర్రతనంలో నేను రాసిందే అది."

శరభయ్య లోపలికి వెళ్లి అటక మీది నుంచి ఆకుల కట్ట దించాడు. దగ్గుమందు పాత సూచిక చెప్పిన ఆకులోనే ఉంది. ఇంకొకటి వెతికాడు. అదీ అక్కడే ఉంది. కొన్ని ఆకుల్లో అంచుల దాకా రాత. కొన్నింట్లో రెండే వరుసలు. నాలుగాకుల లెక్క అన్నిచోట్లా కుదరదు. అన్నీ తను ఎత్తి రాసినవే. ఒక్కటీ చూసిన గుర్తు లేదు.

బయటికి వచ్చేసరికి స్వామి అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఒళ్లో మొదటి కాగితం. వరుస కింద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదువుతున్నారు. పక్కన కొత్త సూచికకు తెల్ల కాగితం, కలం.

"ఇలా ఇవ్వండి స్వామీ, నేను చేస్తాను. ఈ గ్రంథమంతా మీకు నోటికి వచ్చు కదా. మీరు మొదటి నుంచి చదవడమెందుకు?"

స్వామి వేలు తీయలేదు.

"గ్రంథం వచ్చు నాయనా. ఈ కాగితాలు నాకు కొత్త."

శరభయ్య ఎదురుగా వచ్చి కూర్చుని, రెండో కాగితం అందుకుని, పై వరుస కింద వేలు పెట్టాడు.