పొయ్యి గూట్లో కళ్ళజోడు

నేను ఇంతకు ముందు ఏదీ రాయలేదు. చదివింది ఐదో తరగతి. తప్పులుంటే నవ్వకండి. రాత్రి మా అమ్మాయి కూతురు పండుకి చెప్పిన కథ ఇది.

అనగనగా బస్సు ఆగే ఒక ఊళ్ళో, ఒక అనుమానాల అత్తగారు. పాలు పోస్తే కొలత మీద అనుమానం. కోడి గుడ్డు పెట్టకపోతే పక్కింటి మీద అనుమానం. ఆవిడకో కోడలు, నోట్లో నాలుక లేని పిల్ల.

అత్తగారు కొత్త కళ్ళజోడు కొనుక్కుంది. కొట్టాయన చెప్పాడు, "వంగితే బెంగపడకండమ్మా. ఈ లోహానికి జ్ఞాపకం ఉంది. వేడి తగిలితే తన పాత రూపానికి తనే వచ్చేస్తుంది. వంకర పళ్ళకి కట్టే తీగ, గుండె నరంలో పెట్టే జాలీ గొట్టం కూడా ఇలాంటి వాటితో చేస్తారు."

"రాత్రి ఏం తిన్నానో నాకే గుర్తుండదు. ఇనప ముక్కకి జ్ఞాపకమట!" అనుకుంది అత్తగారు.

ఒకరోజు చూసుకోకుండా కళ్ళజోడు మీద కూర్చుంది. కాడ కొడవలిలా వంగింది. కోడలు చూస్తే నవ్వుతుందని, కట్టెల పొయ్యి పైన గూట్లో దాచింది. తెల్లారి కోడలు పొయ్యి రాజేసి నీళ్ళు కాచింది. అప్పుడు అత్తగారు తీసి చూస్తే, కాడ తిన్నగా ఉంది!

"నాది తీసుకుని వేరేది పెట్టింది" అనుకుంది. ఆ తర్వాత తనే కాడ వంచి, లోపల కాటుక చుక్క పెట్టి దాచింది. తెల్లారి కాడ తిన్నగా ఉంది. చుక్కా ఉంది. ఒళ్ళు జలదరించింది.

మూడోసారీ అంతే. అప్పుడు అరిచింది, "నా కళ్ళజోడుకి చేతబడి చేస్తున్నావే!"

"ఆ గూట్లో నేను చెయ్యే పెట్టలేదు అత్తయ్యా. నమ్మకం లేనిచోట ఉండలేను. రేపు మొదటి బస్సుకి పుట్టింటికి పోతా" అని కోడలు సంచి సర్దుకుంది.

అత్తగారు కాడ మళ్ళీ వంచి గూట్లో పెట్టింది. ఉప్పూ మిరపకాయలూ దిష్టి తీసి, మండే పొయ్యిలో వేసింది. దిష్టి ఉంటే ఘాటు రాకూడదు. ఇల్లంతా దగ్గే! కళ్ళు తుడుచుకుని చూస్తే, ఎవరూ ముట్టకుండానే కాడ మెల్లగా లేస్తోంది.

"కోడలికి చెప్పిందా?" అంది పండు.

"లేదమ్మా. సిగ్గేసింది."

"అమ్మమ్మా, నీ కళ్ళజోడు లోపల కూడా కాటుక చుక్క ఉందే!"

"పడుకోవే.
కథేమో కంచి బస్సెక్కింది,
కంటికేమో కునుకెక్కింది."

నాకు కునుకు పట్టలేదు. తెల్లారకముందే వెళ్ళి గుమ్మంలో, మా కోడలు నూకరత్నం సంచి పక్కన కూర్చున్నాను.

"దారివ్వండి అత్తయ్యా, బస్సొచ్చేస్తుంది" అంది.

కాడ వంచి, వేడినీళ్ళ గ్లాసులో ముంచి చూపించాను. "నువ్వేం చెయ్యలేదమ్మా. తప్పు నాదే" అన్నాను.

ఆ పిల్ల కాడ తనే వంచి, మళ్ళీ నీళ్ళలో ముంచి చూసింది. బస్సు హారన్ కొట్టి వెళ్ళిపోయింది. సంచి నేనే లోపలికి మోశాను.